కోటప్పకొండ ప్రభయు, పడమటి గోపురమును

దేవాలయ నిర్మాణమును విమర్శించువారు సాధారణముగా రెండు ప్రశ్నలతో తృప్తి నొందుదురు. శిల్పము శాస్త్రసమ్మతముగా నున్నదా? చూపునకు సొంపుగా నున్నదా? ఈ రెండును అవసరమైన ప్రశ్నలే. కాని మూడవది యొకటి కలదు. ఆ కట్టడము తన చుట్టునున్న జనముతో నేమి చెప్పుచున్నది? త్రోవన బోవువానిని లోనికి రమ్మనుచున్నదా, దూరముగా నిలువుమనుచున్నదా? స్వగ్రామమున నున్నంతకాలము ఈ ప్రశ్న మనకు తోచదు. తాతలనాటి గుడి చెట్టువలె, చెరువువలె ఊరిలో నొక భాగమై యుండును. పరదేశమున, పరభాషల నడుమ గుడి కట్టినప్పుడు ఈ మూడవ ప్రశ్నయే మొదటిదగును.

1965లో అమెరికా సంయుక్తరాష్ట్రములు వలస శాసనమును మార్చి, జన్మదేశమును బట్టి వాటాలు నిర్ణయించు పద్ధతిని తొలగించిన పిమ్మట, మన వైద్యులును, ఇంజనీర్లును, శాస్త్రజ్ఞులును అచ్చటికి విశేషముగా పోజొచ్చిరి. ఇంచుమించు పదేండ్లలోనే గుడుల నిర్మాణము మొదలయ్యెను. నేడు అమెరికాయందును ఇంగ్లండునందును తెలుగువారు విశేషముగా సేవించు ఆలయములు అనేకములు కలవు. మన పాఠకులలో పలువురి బిడ్డలు ఆ దేశములలో కాపురములు చేయుచున్నారు. వారిని చూడబోయి మరలివచ్చిన తలిదండ్రులు అచ్చటి గుడిని గూర్చి చెప్పు మాట తరచుగా నొక్కటే: అచ్చముగా మన తిరుపతివలెనే యున్నదని. ఇది మెప్పే. అయితే ఇంతకు మించిన మెప్పు లేదా యనునది మా ప్రశ్న. మరికొందరు దీనికి విపరీతముగా, పరదేశమునకు పోయినవారికి గోపురము లేల, ఆ దేశపు జనములో కలసిపోరాదా యందురు. రెండు మాటలును తొందరపాటువే. మొదటిది గుడిని నకలుగా చూచుచున్నది. రెండవది కలయుట యనగా కరగిపోవుట యని తలచుచున్నది.

ఈ విచారమునకు మేము కొలబద్దగా గైకొనుచున్నది పల్నాటి కోటప్పకొండ. నరసరావుపేటకు సమీపమున, ఎల్లమంద గ్రామము చెంత, బ్రహ్మ విష్ణు రుద్ర శిఖరములని పేర్లు గల మూడు శిఖరములతో నీ కొండ యున్నది. స్వామి త్రికోటేశ్వరుడు. స్థలపురాణము ఆ సీమలో నెల్లరెరిగినదే. ఆనందవల్లి యను గొల్లపడుచు దినదినము రుద్రశిఖరమెక్కి స్వామిని సేవించుచుండెను. ఆమె గర్భవతియై కొండ యెక్కలేక, క్రిందికి దిగివచ్చి తన యింట పూజ లందుకొమ్మని వేడుకొనెను. స్వామి సమ్మతించి, తాను వెంట వత్తుననియు, ఆమె మాత్రము వెనుదిరిగి చూడరాదనియు చెప్పెను. బ్రహ్మశిఖరము చేరునప్పటికి ఆమె నిలువలేక వెనుకకు చూచెను. స్వామి అచ్చటి గుహలో ప్రవేశించి లింగమై నిలిచెను. రుద్రశిఖరమున నున్నది పాతకోటేశ్వరుని గుడి. నేడు జనసమూహములు సేవించునది బ్రహ్మశిఖరమున నున్న క్రొత్త కోటేశ్వరుని గుడి.

ఈ కథను పురాణముగా నమ్మువారు నమ్ముదురు, నమ్మనివారు మానుదురు. విమర్శకుడు గమనింపవలసిన దొకటి కలదు. ఇందు గుడి యుండవలసిన తావును నిర్ణయించినది వాస్తుశాస్త్రము గాదు, రాజాజ్ఞయు గాదు. చూలాలైన యొక గొల్లయింటి యాడుబిడ్డ యలసట. మనుష్యుని యవసరమునకై దేవుడు తావు మార్చుకొనెనని ఈ నేల జనము తరతరములుగా చెప్పుకొనుచున్నారు. కావున గుడి తావు మారుటయు, రూపు మారుటయు మన సంప్రదాయమునకు విరుద్ధమని వాదించుట చెల్లదు.

శివరాత్రి ప్రభలు ఇంకొక పాఠము చెప్పుచున్నవి. కావూరు, పురుషోత్తపట్నము మొదలైన ఊళ్ళవారు కొయ్యలతోను వెదుళ్ళతోను చట్రము కట్టి, రంగుల గుడ్డలతో నలంకరించి, తాటిచెట్టును మించిన యెత్తున ప్రభను నిలిపి, కొండయొద్దకు గొనివత్తురు. ఒకప్పుడు ఎడ్లు లాగెడివి. నేడు ట్రాక్టరులు లాగుచున్నవి. ఇప్పుడు ప్రభనిండ విద్యుద్దీపములు వెలుగుచున్నవి. పండుగ ముగిసినంతనే విప్పివేసి, మరుసటి యేట మరల కట్టుదురు. ప్రభ యనగా ఊరు తనవెంట నడిపించుకొని పోవు గోపురము. అది పొరుగూళ్ళ వీధులలోనుండి పోవలెను. దారిలోనివారు త్రోవ విడువవలెను, అడ్డమైన తీగలు తొలగింపవలెను. ఒకరి ప్రభ యైనను అది కదలుటకు పదిమంది సమ్మతి కావలెను. ప్రభల విషయమున దోషములు లేకపోలేదు. ఎత్తులో పోటీలు పడుటయు, పంతములకు పోవుటయు, ప్రభలపై అసభ్యమైన ఆటలాడించుటయు సంస్కారప్రియులకు రోత పుట్టించునవే. అయినను ప్రభలోని మూలభావము గొప్పది. దానినుండియు, గొల్లపడుచు కథనుండియు మేము రెండు కొలతలు తీసికొనుచున్నాము. గుడి జనుల యవసరమునకు దిగివచ్చినదా? పొరుగువారి సమ్మతితోను సహాయముతోను నడచుచున్నదా?

పడమటి దేశములలోని మన గుడులను కొలుచుటకు ముందు, మన నేలపై పరులు కట్టిన గుడులను ఈ కొలతలతోనే కొలుచుట న్యాయము. మనము అతిథులమగుటకు ఎన్నియో శతాబ్దుల పూర్వమే గృహస్థులమైతిమి. పల్నాటిలోనే, మాచెర్ల సీమలోని నాగార్జునకొండ లోయలో, క్రీ. శ. 3వ, 4వ శతాబ్దులలో ఇక్ష్వాకులు విజయపురినుండి పాలించుకాలమున, సింహళ భిక్షువులకు విహారముండెను. బోధిసిరి యను ఉపాసిక సింహళస్థవిరుల కొఱకు చైత్యగృహము కట్టించినట్లు శాసనము చెప్పుచున్నది. ఆ వంశపు రాజులు వైదికయజ్ఞములు చేసిరి. అంతఃపుర స్త్రీలు బౌద్ధస్తూపములకు దానములిచ్చిరి. నాగార్జునసాగరపు నీటిలో ఆ లోయ మునుగుటకు ముందు, 1954 మొదలు 1960 వరకు త్రవ్వకములు జరిగెను. కొన్ని కట్టడములను కొండమీదికిని అనుపునకును తరలించి తిరిగి నిలిపిరి. సముద్రము దాటివచ్చిన భిక్షువులకు ఒక యిల్లాలు గుడి కట్టించిన నేల యిది. పడమటివారి నేమి కోరవలెనో మనకు నేర్పదగిన యుదాహరణము మన యూరనే యున్నది.

ఇక క్రైస్తవుల కట్టడములు. మెదకు దేవాలయమును ఛార్లెసు వాకర్ పాస్నెట్టు 1914 మొదలు 1924 వరకు కట్టించెను. 1924 డిసెంబరు 25న అది ప్రతిష్ఠిత మయ్యెను. గంటగోపురపు టెత్తు 175 అడుగులు. కట్టడపు తీరు ఇంగ్లండులోని గాథిక్ తీరు; రంగుటద్దముల కిటికీలు సీమనుండి వచ్చినవి. రూపమునందు అది మన నేలకు ఏమియు లొంగలేదు. అయినను కరవుకాలమున ఆకలిగొన్న జనమునకు పని కల్పించి, అన్నము పెట్టి దానిని కట్టించిరని ప్రసిద్ధి. అందుచే ఆ రాళ్ళు తెలుగువాని చేతులకు పరిచితములయ్యెను. నేటికిని క్రిస్మసునాడు అచ్చట చేరు జనములో నితర మతములవారును కలరు. రూపము పరాయిదైనను తలుపు మనదయ్యెను.

దోర్నకల్లు దేవాలయము వేరొక త్రోవ త్రొక్కినది. 1912లో ఆంగ్లికను సంఘమున తొలి భారతీయ బిషప్పుగా అభిషిక్తుడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య దీనికి కర్త. ఆయన తెలుగువాడు గాడు; తిరునెల్వేలి సీమనుండి వచ్చి, తెలుగు నేర్చి, తెలుగు పల్లెలలో పనిచేసినవాడు. 1939 జనవరి 6న ప్రతిష్ఠితమైన ఆ కట్టడమునందు మన మంటపములను తలపించు రాతిస్తంభములు కలవు, ముసల్మానుల కట్టడములను తలపించు గుమ్మటములు కలవు, వానిపై శిలువ కలదు. శిల్పదృష్టితో చూచువానికి ఆ మూడును అన్నిచోట్లను ఒక్కటిగా అతుకలేదని తోచవచ్చును. అయినను దాని సంకల్పము నిర్దుష్టము. ఈ మతము ఈ నేలకు వచ్చి మారినది, మారినట్లు అందరికిని కనబడవలెను అని ఆ గోడలు చెప్పుచున్నవి. లోపల జరిగిన మార్పును వెలుపల దాచలేదు. మాకు దోర్నకల్లు ముఖ్యమగుట ఇందుచేతనే.

ఈ రెండు యుదాహరణములను మనసున నుంచుకొని పడమటికి పోదము. పిట్స్‌బర్గు ఉక్కుపరిశ్రమకు పేరుగన్న నగరము. అలెగెనీ, మొనాంగహీలా నదులు కలసి ఒహాయో నదియగు తావు. ఆ నగరపు శివారులోని పెన్‌హిల్సునందు, తిరుమల తిరుపతి దేవస్థానముల సహాయముతో, తిరుమల తీరున కట్టిన వేంకటేశ్వరాలయము 1976లో ఆరంభమై 1977లో ప్రతిష్ఠ నొందెను. కొండవాలున తెల్లని గోపురము పచ్చని చెట్ల నడుమ కనబడును. అచ్చటి భక్తులు ఆ నదుల కలయికను మన త్రివేణితో పోల్చుకొనిరి. ఈ పోలిక మాకు గోపురముకంటె మిక్కిలి నచ్చినది. గోపురము తిరుపతినుండి తెచ్చినది. నదుల పోలిక ఆ నేలను చూచి పుట్టినది. పరాయి నీటిని పుణ్యోదకముగా తలంచినవాడు ఆ దేశమున సగము గృహస్థుడైనట్లే.

లోనికి పోయినచో విమర్శకునకు అసలు విషయము తెలియవచ్చును. తిరుమలయందు ప్రాకారముల నడుమ ఆకాశము క్రింద ప్రదక్షిణము చేయుదుము. మంచుగురియు దేశమున నది సాగదు. కావున గర్భగుళ్ళన్నియు ఒకే పెద్ద కప్పు క్రిందికి వచ్చినవి. మన యూళ్ళలో వేర్వేరు వీధుల నుండు దేవతలు అచ్చట ఒకే సావిడిలో ఇరుగుపొరుగులైరి. మేరీలాండులోని లాన్హాము ఆలయమునకు శివవిష్ణు దేవాలయమనియే పేరు. పిట్స్‌బర్గు చెంత మన్రోవిల్లునందలి హిందూ-జైన ఆలయమున హిందూదేవతలును జైన తీర్థంకరులును ఒకే చూరు క్రింద నున్నారు. పండుగలు తిథినాడుగాక శని యాదివారములకు జరిగినవి. ఆదివారము పిల్లలకు బడి, క్రింది యంతస్తున భోజనశాల, సభామందిరము, చందాదారులు, ధర్మకర్తల సంఘము వెలసినవి. ఇవి యన్నియు ఆ దేశపు చర్చీల నడవడిక చూచి నేర్చినవి. ఇందు సిగ్గుపడవలసిన దేదియు లేదు. గొల్లపడుచు కొఱకు కొండ దిగిన దేవుడు, ఉద్యోగి కొఱకు ఆదివారమున కల్యాణము చేయించుకొన్నచో తప్పేమి?

మా విమర్శ ఇచ్చట మొదలగుచున్నది. కలయిక లోపల జరిగినది, వెలుపలి ముఖము మాత్రము ఏమియు జరుగనట్లు నిలుచుచున్నది. లోపలి యేర్పాటు ఆ దేశపుది, పైపూత తిరుపతిది. అచ్చముగా తిరుపతివలె నున్నదని మనము మెచ్చుకొనునప్పుడు, కట్టినవారు చేసిన యుత్తమమైన పనిని చూడక, సులభమైన పనిని పొగడుచున్నాము. నకలు చేయుటకు ధనమును, మనదేశపు స్థపతియు చాలును. మంచుకును, ఆదివారమునకును, పది భాషల జనమునకును సరిపడునట్లు గుడిని మార్చుటకు బుద్ధియు ధైర్యమును కావలెను. ఆ బుద్ధి గోపురమునందు గూడ కనబడినచో ఎంత బాగుండును! చోళులును, కాకతీయులును, విజయనగర ప్రభువులును తమ ముందువారి గుడిని అచ్చొత్తినట్లు కట్టియుండినచో మనకు శిల్పచరిత్రయే లేకపోయెడిది.

న్యూయార్కునందలి ఫ్లషింగు గణపతి దేవాలయము ఇంకొక విధమున బోధకరము. 1970లో ఏర్పడిన సంఘము ఒక రష్యను చర్చి యుండిన స్థలమును కొని, 1977 జులై 4న, ఆ దేశపు స్వాతంత్ర్యదినముననే కుంభాభిషేకము చేసెను. వీధి పేరు బౌన్ వీధి. 1657లో, క్వేకరులను హింసింపరాదని ఆ యూరివారు కొందరు డచ్చి గవర్నరునకు విన్నపము వ్రాసిరి. 1662లో జాన్ బౌన్ తన యింట క్వేకరుల ప్రార్థన జరుగనిచ్చినందుకు చెరబట్టబడెను. ఆయన యిల్లు ఆ వీధిలో నేటికిని ఉన్నది. 2022లో ఆ వీధిలోని గుడి భాగమునకు గణేశ్ దేవాలయ వీధి యను పేరు గూడ పెట్టిరి. మతస్వేచ్ఛకై చెరకు పోయినవాని వీధిలో మన గణపతి నిలుచుట సామాన్యమైన భాగ్యము గాదు. ఆ గుడి క్రింది యంతస్తున దోసెలు వేయు భోజనశాల కలదు. దానికొఱకే వచ్చు ఇతర జాతులవారును కలరు. గోపురపు పురాణగాథలను చదువలేనివాడు దోసె ద్వారమున లోనికి వచ్చుచున్నాడు.

ఇది పల్నాటివారికి క్రొత్తగాదు. పన్నెండవ శతాబ్దమున మాచెర్ల చెన్నకేశవుని భక్తుడైన బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒకే చాపపై కూర్చుండబెట్టి చాపకూడు కుడిపించెనని పల్నాటి వీరగాథలు చెప్పుచున్నవి. నేటికిని కారెంపూడి వీరారాధనోత్సవమున చాపకూడు నడచుచున్నది. గుడికి ఎత్తు గోపురమువలన వచ్చును, వెడల్పు చాపవలన వచ్చును.

ఇంగ్లండునందు బర్మింగ్‌హామ్ చెంత టివిడేలున 2006లో వెలసిన బాలాజీ దేవాలయము ఈ వెడల్పును శిల్పముననే చూపుటకు యత్నించినది. బొగ్గుగనులకును ఇనుపకొలుములకును పేరొందిన సీమ యది. గుడి యావరణలో ఏడుకొండలకు గుర్తుగా ఏడు మిట్టలు ఏర్పరచి, ఒక్కొక్కదానిని ఒక్కొక్క మతమునకు అంకితము చేసిరి. ఏడుకొండలను ఎత్తుకొనిపోవుట నకలు. వానిని పొరుగువారి మతములకు పంచియిచ్చుట సృష్టి. మేము చూపదలచిన త్రోవ యిదియే.

పొరుగువారందరును ఆదరింతురని మేము చెప్పజాలము. 2009 నవంబరు 29న స్విట్జర్లాండు ప్రజలు నూటికి 57.5 వంతున ఓట్లిచ్చి, ముసల్మానుల ప్రార్థనాలయములకు క్రొత్తగా మీనారులు కట్టరాదని తమ రాజ్యాంగమున చేర్చుకొనిరి. అప్పటికి ఆ దేశమున నున్న మీనారులు నాలుగే. నాలుగు స్తంభములను చూచి ఒక దేశము భయపడుట విడ్డూరమే. అది యన్యాయమనియు మా నిశ్చయము. ఒకరి గుడి యెత్తును మరియొకరు ఓటుతో కొలువరాదు. అతిథి తలుపు తెరవవలెనని చెప్పుటకును, గృహస్థుడు శాసనముతో గోపురము నరకుటకును పోలిక లేదు. అయినను వారి తప్పును ఎన్నువారము మన తలుపును గూడ చూచుకొనవలెను. మన నేలపై మనవారికే గుడి తలుపులు మూసియుంచిన చరిత్ర మనది. మదరాసు రాజధానిలో హరిజనులకు అన్ని ఆలయములలోను ప్రవేశాధికారము నొసగు శాసనము 1947లోగాని రాలేదు. గుంటూరు జిల్లాలో నుండిన పల్నాడు అప్పుడు ఆ రాజధానిలోనిదే. గోపురముతో బాటు ఈ జాడ్యమును గూడ ఓడ యెక్కించిరా యను శంక నిరాధారము గాదు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరసభ కులభేదమును నిషేధించు శాసనము చేసెను. అమెరికా నగరములలో అట్లు చేసినది అదియే మొదటిది. ఆ శాసనమును గూర్చి అచ్చటి మనవారిలో వాదోపవాదములు కలవు. కాని శిల్పమెంత శుద్ధమైనను, వంటయింటిలో కులము నడిగెడి గుడి ఆ దేశమున కలసినదనిపించుకొనదు.

ఇవన్నియు అటుంచి, గుడి కట్టించినవారి బిడ్డల సంగతి చూడవలెను. వారు ఆ దేశమున పుట్టినవారు. సంస్కృతమంత్రము వారికి తెలియదు. పలువురకు అర్చకుని తెలుగును తెలియదు. వారికి గుడి తలిదండ్రుల యూరి జ్ఞాపకమేగాని తమ యూరిది గాదు. నకలు ఎంత అచ్చముగా నున్న అంత దూరముగా నుండును. అసలు తిరుపతి వేయి క్రోసుల కావల నున్నదని ప్రతి రాయియు వారికి గుర్తుచేయును. గొల్లపడుచు కథలోని నిషేధము ఇచ్చట మాకు అర్థవంతముగా తోచుచున్నది. దేవుడు వెంట వచ్చుచుండెను, నడచుచున్నంతసేపు వచ్చుచుండెను. వెనుకకు చూచుట యను దానితో నిలిచిపోయెను. పరదేశమున గుడి కట్టువారును వెనుకటి యూరినే చూచుచుండినచో, వారి యింటివరకు రావలసిన దేవుడు సగము దారిలో రాయియై నిలుచును. ఆ యింటి బిడ్డలు ఆయనను ఎరుగరు.

కావున పాఠకులకు మా మనవి. మీ బిడ్డలు అచ్చటినుండి గుడికి చందా యడిగినప్పుడు, యాత్రకు పోయి సలహా చెప్పవలసి వచ్చినప్పుడు, గోపురపు టెత్తును గూర్చి అడుగుటకు ముందు ఈ ప్రశ్నలడుగుడు. గోడలపై దేవతల పేర్లును కథలును ఆ యూరి భాషలో వ్రాయించిరా? అచ్చటి బిడ్డకు అర్థమగు మాటలలో అర్చనార్థము చెప్పువాడున్నాడా? పొరుగింటివాడు రాగల దినమొకటి యేర్పరచిరా? వంటయింటను, ధర్మకర్తల సంఘమునను కులభేదము లేదని నియమము చేసిరా? స్త్రీలకు ఆ సంఘమున స్థానమున్నదా? క్రొత్తగా కట్టు గుడికి స్థపతితోబాటు ఆ నేల రాయిని, మంచును, వెలుతురును ఎరిగిన శిల్పిని గూడ పిలిచిరా? వీనికి ఔనని జవాబు వచ్చినచో, గోపురము తిరుపతివలె నున్నను లేకున్నను చందా యిండు. లేదని వచ్చినచో, ఆ ధనముతో మొదట ఒక పొడుగైన చాప కొనుమని చెప్పుడు.